దిగేటప్పుడు నవ్వులు... ఎక్కేటప్పుడు ఏడుపులు!

కొండ అనగానే మనకు తెలిసిన లెక్క ఒకటే. ముందు ఎక్కడం, తర్వాత దిగడం. తిరుమల నడకదారినే తీసుకోండి. అలిపిరి దగ్గర గోవిందనామం చెప్పుకుంటూ మొదటి మెట్టు ఎక్కేటప్పుడు ఒంట్లో బోలెడంత ఓపిక ఉంటుంది. పిల్లలైతే మెట్లు లెక్కపెడుతూ పరుగులు తీస్తారు. గాలిగోపురం వచ్చేసరికి కాళ్లు లాగుతాయి. మోకాళ్ల పర్వతం దగ్గర 'ఎత్తుకో నాన్నా' మొదలవుతుంది. అయినా ఫర్వాలేదు. కష్టమంతా అయ్యాక దర్శనం, లడ్డూ, తిరుగు ప్రయాణానికి బస్సు. మరీ చేతకాకపోతే మధ్యలో ఎక్కడ వెనక్కి తిరిగినా దారి కిందికే!

ఈ లెక్క పూర్తిగా తలకిందులయ్యే చోటొకటుంది. అమెరికాలో నైరుతి మూలన యూటా, అరిజోనా రాష్ట్రాల్లో వందల కిలోమీటర్ల మేర పరచుకున్న ఎర్రరాతి లోయల సీమ అది. అక్కడ కారు ఆగేది కొండ కొమ్మున. దారి మొదలయ్యేదీ అక్కడే... కిందికి! నాలుగేళ్ల బుడతడు చెంగుచెంగున దిగిపోతాడు. వాడి వెనక అక్క, అక్క వెనక అమ్మ. 'ఇంకొంచెం, ఆ మలుపు దాకా' అనుకుంటూనే అరగంట గడిచిపోతుంది. తీరా వెనక్కి తిరిగి చూస్తే... నెత్తిమీద ఎండ, ఎదురుగా నిటారు దారి, సీసా అడుగున గుక్కెడు నీళ్లు. దిగడానికి పట్టిన సమయానికి రెట్టింపు ఎక్కడానికి పడుతుందని అక్కడి రేంజర్లు చెప్పేది పెద్దవాళ్లకే. ఇక బుడతడి సంగతి చెప్పేదేముంది, ఈపాటికి నాన్న భుజమ్మీద నిద్ర. అంటే నాన్న ఎక్కాల్సింది తన బరువుతోపాటు మరో పదిహేను కిలోలతో!

గ్రాండ్‌ క్యానియన్‌లో ఇలా దిగి, పైకి రాలేక ఇబ్బందిపడినవాళ్లని ఏటా 250 మందికి పైగా రక్షించాల్సి వస్తోంది. నదిదాకా వెళ్లి ఒక్కరోజులో తిరిగొచ్చే ఆలోచన పెట్టుకోవద్దని దారి మొదట్లోనే బోర్డులు పెట్టి మరీ హెచ్చరిస్తున్నా ఇదీ పరిస్థితి.

ఇదంతా ఇప్పుడెందుకంటే... మే, జూన్‌ నెలలు వచ్చాయంటే హైదరాబాద్‌, విజయవాడ, విశాఖల నుంచి ఎందరో అమ్మమ్మలూ తాతయ్యలూ అమెరికా విమానం ఎక్కుతారు. అక్కడ మనవలకి బడి సెలవులు. కొడుకో అల్లుడో జులై 4 వారాంతానికో, సెప్టెంబరులో లేబర్‌ డేకో సెలవు పెట్టి పెద్ద ప్లానే వేస్తాడు. లాస్‌వేగస్‌ దాకా విమానం, అక్కడి నుంచి ఏడుగురు పట్టే అద్దె కారు. నాలుగు రోజుల్లో జయాన్‌, బ్రైస్‌, యాంటలోప్‌, హార్స్‌షూ బెండ్‌, గ్రాండ్‌ క్యానియన్‌. అన్నీ కవర్‌ చేసేయాలి! ఆ 'కవర్‌' అన్న మాట దగ్గరే వస్తుంది చిక్కంతా. రోజుకు నాలుగైదు గంటలు కారు సీటులో కట్టేసి కూర్చోబెట్టిన మూడేళ్ల పాపకి కిటికీలోంచి కనిపించే ఎర్రకొండ నాలుగోదైనా ఒకటే, పద్నాలుగోదైనా ఒకటే. తనకి కావాల్సింది ఇసుక, గులకరాళ్లు, పాదం మునిగేన్ని నీళ్లు. అవన్నీ ఆ సీమలో పుష్కలంగా ఉన్నాయి. ఆగాలి, అంతే.

రెండో చిక్కు ఇంకా పెద్దది. మనవాళ్లకి కుదిరే ఆ సెలవుల కాలమే అక్కడ అన్నిటికన్నా కఠినమైన కాలం. జూన్‌లో మండే ఎండలు. జులై నుంచి సెప్టెంబరు మధ్య దాకా మెరుపు వరదలు. అక్టోబరు, ఏప్రిల్‌ నెలల్లో వెళ్లగలిగితే అంతకు మించింది లేదు. కుదరనివాళ్లు ఆ రెండిటి సంగతీ తెలుసుకునే వెళ్లాలి.

గండి అంటే ఇదీ!

క్యానియన్‌కి తెలుగులో చక్కటి మాటే ఉంది... గండి. నది కొండను కోసుకుంటూ పోగా ఏర్పడే దారి. కడప జిల్లాలో పెన్నా నది ఎర్రమల కొండల్ని అలా కోసిన చోటే గండికోట. అది చూసినవాళ్లకి గ్రాండ్‌ క్యానియన్‌ కొత్తగా అనిపించదు. కాకపోతే కొలతలే వేరు. కొలరాడో నది తొలిచిన ఆ మహాగండి పొడవు 446 కిలోమీటర్లు. వెడల్పు కొన్నిచోట్ల 29 కిలోమీటర్లు. లోతు కిలోమీటరున్నరకు పైమాటే. అంచున నిలబడ్డ తాతయ్యకి ఎదురుగా కనిపించే శిఖరాల పేర్లు చెబితే ఆశ్చర్యపోతారు. విష్ణు టెంపుల్‌, శివ టెంపుల్‌, బ్రహ్మ టెంపుల్‌! అక్కడ గుళ్లేమీ లేవు. 1880ల్లో ఈ ప్రాంతాన్ని పరిశీలించిన భూవిజ్ఞాన శాస్త్రవేత్త క్లారెన్స్‌ డట్టన్‌కి ఆ రాతి గోపురాలు తూర్పుదేశాల ఆలయాల్లా కనిపించాయి. ఆయన మొదలుపెట్టిన ఆ పేర్ల వరసే ఇప్పటికీ మ్యాపుల్లో ఉంది. లోయ అడుగున ఉన్న, దాదాపు 170 కోట్ల ఏళ్ల నాటి నల్లరాయి పేరు కూడా విష్ణు షిస్టే.

అన్ని కోట్ల ఏళ్లంటే పిల్లలకేం అర్థమవుతుందీ అనుకుంటాం. దానికీ ఓ ఉపాయం చేశారక్కడ. దక్షిణ అంచు మీద 2010లో 'ట్రెయిల్‌ ఆఫ్‌ టైమ్‌' అనే కాలిబాట వేశారు. ఒక్కో మీటరు పది లక్షల ఏళ్లకు గుర్తు. దారి పొడవునా ఆయా కాలాల రాళ్లు పెట్టారు, వాటిని చేత్తో తాకి చూడొచ్చు. చదునైన దారి. బుజ్జాయిని స్ట్రోలర్‌లో తోసుకుంటూ పోవచ్చు. అంకెలు రాయడం వచ్చిన మనవడికి తాతయ్య ఓ లెక్క ఇవ్వొచ్చు. ఆ దారిలో తాతయ్య డెబ్భై ఏళ్ల జీవితం ఎంత పొడవు? లెక్క కడితే... ఒక మిల్లీమీటరులో పదమూడో వంతు కూడా లేదు. ఇంచుమించు ఓ తలవెంట్రుక మందం!

గ్రాండ్‌ క్యానియన్‌కి వెళ్లే కుటుంబాలు దక్షిణ అంచుకే వెళ్లడం మేలు. పైగా ఉత్తర అంచు మీదున్న ప్రసిద్ధ లాడ్జి 2025 జులైలో కార్చిచ్చులో కాలిపోయింది. దక్షిణం వైపు ఉచిత బస్సులున్నాయి, నీళ్ల కుళాయిలున్నాయి, కూర్చోవడానికి బల్లలున్నాయి. పిల్లల్ని లోయలోకి దించి తీరాలనుకుంటే తెల్లవారుజామున మొదలుపెట్టి, పావుగంట దిగి, అక్కడే కాసేపు కూర్చుని పైకొచ్చేయడమే. పావుగంటకే లోయ లోపలి గోడలు కళ్లముందుకొచ్చేస్తాయి. అంతకు మించి దిగితే పెద్దవాళ్ల సరదా తీరుతుందేమో కానీ పిల్లలకి ఒరిగేదేమీ లేదు.

చెమట కనిపించని ఎండ

ఎండలు మాకు కొత్తా, మేం రెంటచింతల ఎండలే చూశాం అంటారు మనవాళ్లు. నిజమే. కానీ కోస్తా ఎండకీ ఆ ఎండకీ తేడా ఉంది. విజయవాడలో మే నెల మధ్యాహ్నం నాలుగడుగులేస్తే చొక్కా తడిసి ముద్దవుతుంది. ఒళ్లే చెబుతుంది ఇక చాలు, నీడకు పద అని. ఆ ఎడారి గాలిలో చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. ఒళ్లు పొడిగానే ఉంటుంది. పిల్లలు ఆడుతూనే ఉంటారు. ఒంట్లో నీళ్లు మాత్రం అడుగంటుతుంటాయి. పాప చిరాకు పడుతోందంటే, చాలాసేపటి నుంచి బాత్రూమ్‌కి వెళ్లలేదంటే ఎండ దెబ్బ గుమ్మం దాకా వచ్చిందని అర్థం. ఊటీ కొండ ఎక్కేకొద్దీ చల్లబడుతుంది కదా, ఇక్కడ దిగేకొద్దీ వేడెక్కుతుంది. 300 మీటర్లు దిగితే ఇంచుమించు 3 డిగ్రీలు పెరుగుతుంది. అంచు మీద హాయిగా 30 డిగ్రీలుంటే లోయ అడుగున 40 దాటేస్తుంది. అందుకే వేసవిలో పొద్దున 10 నుంచి సాయంత్రం 4 దాకా లోయలో నడవొద్దన్నది అక్కడి నియమం. ఆ ఆరు గంటలూ పిల్లల నిద్రకి, కారు ప్రయాణానికి, విజిటర్‌ సెంటర్‌లోని ఏసీకి వదిలేయాలి.

నీళ్లు ఒక్కటే తాగిస్తే సరిపోదన్నది చాలామందికి తెలియని విషయం. చెమటతోపాటు ఉప్పూ పోతుంది. ఉప్పు లేకుండా వట్టి నీళ్లు అదేపనిగా తాగితే రక్తంలో సోడియం పడిపోయి తల తిరగడం, వాంతులు... అది కూడా ప్రాణం మీదకే వస్తుంది. అందుకే నీళ్లతోపాటు ఉప్పటి చిరుతిళ్లు తినమని రేంజర్లు పదే పదే చెబుతారు. వాళ్లు చిప్స్‌, ప్రెట్జెల్స్‌ అంటారు. మన అమ్మమ్మల సూట్‌కేసులో అంతకన్నా మంచివే ఉన్నాయి. జంతికలు, చేగోడీలు, ఉప్పు వేరుసెనగలు, మరమరాల మిక్చర్‌. అవి బ్యాగు అడుగున కాకుండా పిల్లల చేతికి అందే జేబులో ఉండాలి. ఐస్‌ డబ్బాలో పెరుగన్నం, పొద్దున్నే కలిపిన పులిహోర ఉంటే మధ్యాహ్నానికి హోటల్‌ వెతుక్కునే బాధ తప్పుతుంది. ఆ దారుల్లో ఊళ్లు దూరం దూరంగా ఉంటాయి, ఉన్న ఊళ్లలో కొన్నిటికి ఒకటో రెండో హోటళ్లు. మనవాళ్లు వెంట పట్టుకెళ్లే చిన్న రైస్‌కుక్కర్‌ని చూసి నవ్వేవాళ్లు నవ్వనీండి. రాత్రి 9 గంటలకి మోటల్‌ గదిలో వేడన్నం, ఆవకాయ ముందు కూర్చున్న పిల్లాడు మర్నాడు పేచీ పెట్టడు.

తిండి సంగతి వచ్చింది కాబట్టి ఒక్క మాట. గ్రాండ్‌ క్యానియన్‌ అంచున ఉడుతలు ఏమాత్రం బెదురు లేకుండా దగ్గరికొచ్చేస్తాయి. అమ్మమ్మ అప్పుడే రామసేతువు, ఉడుత కథ చెప్పి ఉంటుంది. బుల్లి చెయ్యి బిస్కెట్‌తో ముందుకెళ్తుంది. కరుస్తాయి! ఆ పార్కులో పర్యటకులు మామూలుగా పడే గాయాల్లో ఉడుత కాటూ ఒకటి. వాటికి తిండి పెట్టడం చట్టరీత్యా నేరం కూడా.

వాన ఒకచోట... వరద మరోచోట

రాయలసీమవాళ్లకి వంక అంటే తెలుసు. ఏడాదిలో పది నెలలు ఎండి, ఇసుక మేటలతో పిల్లల ఆటస్థలంలా ఉంటుంది. ఎగువన ఎక్కడో గట్టి వాన పడితే చాలు, ఇక్కడ చుక్క రాలకపోయినా ఎర్రటి నీళ్లు ఉరుకుతూ వచ్చేస్తాయి. యూటా, అరిజోనాల్లో అలాంటి వంకల్ని వాష్‌ అంటారు. తేడా ఏంటంటే ఆ వంకల్లో చాలా వాటికి అటూ ఇటూ ఒడ్డుండదు. రెండు పక్కలా రాతి గోడలే. మనిషి రెండు చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత ఇరుకు. వాటినే స్లాట్‌ క్యానియన్లంటారు. పిల్లలకి అవంటే ప్రాణం. గోడలు నునుపుగా, వంపులు తిరిగి, పైనుంచి వెలుగు జారుతూ... దాగుడుమూతలకి దేవుడు కట్టించిన ఇల్లులా ఉంటుంది.

అరిజోనాలోని పేజ్‌ ఊరి పక్కన, నవాహో తెగవారి నేలలో ఉన్న యాంటలోప్‌ క్యానియన్‌ అలాంటిదే. కంప్యూటర్‌ తెరల మీద కాషాయరంగు అలల్లా కనిపించే రాతి గోడల ఫొటోల్లో చాలావరకూ అక్కడివే. దానికి నవాహోలు పెట్టుకున్న పేరుకి అర్థం 'రాళ్లలోంచి నీళ్లు పారే చోటు'. పేరులోనే హెచ్చరిక ఉంది. 1997 ఆగస్టు 12న దిగువ యాంటలోప్‌ గండిలోకి మెరుపు వరద వచ్చింది. వాన పడింది అక్కడ కాదు, ఎగువన కిలోమీటర్ల దూరంలో. లోపలున్న 11 మంది పర్యటకులు చనిపోయారు. ఒక్క గైడ్‌ బతికాడు. ఇప్పుడు గైడ్‌ లేనిదే అందులోకి పంపరు, లోపల గట్టి ఇనుప నిచ్చెనలు బిగించారు. వాన సూచన ఉంటే టూర్లు రద్దు చేస్తారు. అలా రద్దయినప్పుడు టికెట్‌ డబ్బుల కోసం కౌంటర్‌ దగ్గర గొడవ పడే పెద్దమనుషులకి ఆ 11 మంది సంగతి ఒక్కసారి గుర్తుచేస్తే బాగుండు!

మరో ఉదంతం 2015 సెప్టెంబరు 14 నాటిది. జయాన్‌ పార్కులోని కీహోల్‌ అనే ఇరుకు గండిలో ఏడుగురు ఒకేసారి వరదకి బలయ్యారు. అదే రోజు, అక్కడికి ఎంతో దూరంలో లేని హిల్‌డేల్‌ ఊళ్లో వాగు ఒడ్డున ఆగిన రెండు వాహనాలు కొట్టుకుపోయాయి. 13 మంది తల్లులూ పిల్లలూ ప్రాణాలు కోల్పోయారు. వాళ్లు పర్యటకులు కారు, అక్కడే పుట్టి పెరిగినవాళ్లు. వంకలో పారే నీళ్లను చూస్తూ ఒడ్డున నిలబడటం ఎంత ప్రమాదమో ఆ ఊరివాళ్లకే తెలియకపోతే, పోయినవారం దిగిన మనకెలా తెలుస్తుంది!

కాబట్టి వానాకాలంలో వెళ్లేవాళ్లకి రోజూ పొద్దున కాఫీకన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఏయే పార్కుకి ఆ రోజు వరద ముప్పు ఎంతుందో అమెరికా వాతావరణ శాఖ నాలుగు మెట్లుగా చెబుతుంది. వచ్చే అవకాశం లేదు, రావచ్చు, వచ్చేలా ఉంది, వస్తుంది... అని. పిల్లలు వెంట ఉన్నప్పుడు మొదటి మెట్టు తప్ప మిగతా మూడిట్లో ఏదున్నా ఇరుకు గండిలో కాలు పెట్టకూడదు. పెద్దవాళ్లు గోడ పట్టుకుని ఎగబాకగలరు, అయిదేళ్ల పాప ఎగబాకలేదు. అంతకు మించి వాదన అక్కర్లేదు. వెళ్లాక కూడా నీళ్లు ఉన్నట్టుండి బురదగా మారినా, పుల్లలూ చెత్తా కొట్టుకొస్తున్నా, దూరంగా రైలు వస్తున్న చప్పుడు వినిపించినా బ్యాగు, చెప్పులు, కెమెరా వదిలేసి పిల్లల్ని ఎత్తుకుని మెరక ఎక్కేయడమే. నాలుగడుగుల ఎత్తయినా ఎత్తే.

పిల్లలకి నచ్చే చోట్లు

ఇంత భయపెట్టాక ఎవరు వెళ్తారండీ అనుకోకండి. వెళ్లి తీరాల్సిన సీమే అది. బుజ్జాయిలకి అక్కడున్నన్ని ఆటలు ఏ థీమ్‌ పార్కులోనూ ఉండవు.

బ్రైస్‌ క్యానియన్‌నే చూడండి. అది ఊటీకన్నా ఎత్తు, దాదాపు 2,400 మీటర్ల పైన ఉంటుంది. జూన్‌లో కూడా రాత్రిపూట స్వెట్టర్‌ కావాలి. ఏడాదిలో దాదాపు సగం రోజులు రాత్రి నీళ్లు గడ్డకట్టి, పగలు కరుగుతాయి. రాతి పగుళ్లలో ఆ మంచు ఉబ్బి ఉబ్బి కొండను చీల్చి వేలాది స్తంభాలు చేసింది. వాటిని హూడూలంటారు. నారింజ రంగులో, టోపీలు పెట్టుకున్న మనుషుల్లా నిలబడి ఉంటాయి. ఆ నేల మీద తరతరాలుగా బతికిన పయూట్‌ తెగవాళ్లు దీనికో కథ చెబుతారు. పూర్వం అక్కడున్న మాయజనం బుద్ధిలేకుండా ప్రవర్తిస్తే కోయోట్‌ (మన నక్కకి అక్కడి చుట్టం) వాళ్లందర్నీ రాళ్లుగా మార్చేసిందట. అహల్య కథ తెలిసిన నాయనమ్మ వెంట ఉంటే ఇక చెప్పేదేముంది, దారంతా కథలే! క్వీన్స్‌ గార్డెన్‌ దారి 3 కిలోమీటర్లలోపే, ఆ రాతి మనుషుల మధ్యకి తీసుకెళ్తుంది. ఆరేడేళ్ల పిల్లలు నడిచేస్తారు. అంతకన్నా చిన్నవాళ్లుంటే సన్‌రైజ్‌ పాయింట్‌, సన్‌సెట్‌ పాయింట్‌ల మధ్య ఉన్న చదును బాట చాలు.

జయాన్‌లో వర్జిన్‌ నది ఒడ్డునే సాగే రివర్‌సైడ్‌ వాక్‌ ఉంది. రానూ పోనూ మూడున్నర కిలోమీటర్లు. ఎత్తయిన గోడల నీడ, పక్కనే నీళ్లు. కాకపోతే ఆ నీళ్ల సంగతీ తెలుసుకోవాలి. 2020లో అందులో విషపూరితమైన నాచు లాంటిది (సయనోబ్యాక్టీరియా) కనిపించింది. అప్పటి నుంచి పార్కువాళ్లు పరీక్షలు చేస్తూ బోర్డు మీద పరిస్థితి రాస్తున్నారు. ఆ బోర్డు చూడకుండా పిల్లల్ని నీళ్లలోకి దించొద్దు. ఏ రోజైనా సరే ఆ నీళ్లు నోట్లోకి పోనివ్వొద్దు. ఇక్కడ వసంతం నుంచి శరత్కాలం దాకా లోయలోకి సొంత కార్లు రానివ్వరు, ఉచిత బస్సులో వెళ్లాల్సిందే. మోకాళ్ల నొప్పులున్న తాతయ్యకి ఆ బస్సే పెద్ద వరం. ఎక్కిన చోట కూర్చుంటే లోయంతా కిటికీలోంచే చూసి రావచ్చు.

క్యాపిటల్‌ రీఫ్‌ని మాత్రం ప్లాన్లలో ఎందుకో చాలామంది వదిలేస్తారు. పిల్లలున్న ఇంటికి అది మిగతావాటికన్నా ముందుండాలి. 1880ల నుంచి అక్కడ స్థిరపడిన మోర్మన్‌ కుటుంబాలు ఫ్రూటా అనే పల్లెలో పళ్లతోటలు వేశాయి. పల్లె లేదు కానీ ఎర్రకొండల మధ్య దాదాపు 2,000 చెట్లున్నాయి. చెర్రీ, ఆప్రికాట్‌, పీచ్‌, పియర్‌, ఆపిల్‌. కాపున్న కాలంలో, కోసుకోవచ్చని బోర్డు పెట్టిన తోటలోకి వెళ్లి చెట్టుకింద నిలబడి ఎన్నయినా తినొచ్చు, ఉచితం! ఇంటికి పట్టుకెళ్తేనే తూకం, డబ్బు. నిచ్చెన, కాయలు కోసే చిక్కం కూడా అక్కడే ఉంటాయి. మామిడితోటల్లో పెరిగిన తాతయ్యకి ఇక మనవల ముందు చెలరేగిపోయే అవకాశం. పక్కనే 1896 నాటి ఒంటిగది బడి, ఇంకాస్త ముందుకెళ్తే ఫ్రీమాంట్‌ తెగవాళ్లు దాదాపు వెయ్యేళ్ల కిందట కొండగోడ మీద చెక్కిన బొమ్మలు. భుజాలు పెద్దవి, కాళ్లు సన్నవి. అచ్చం యూకేజీ పిల్లాడు గీసినట్టే ఉంటాయి.

అక్కడికి గంట దూరంలోనే గోబ్లిన్‌ వ్యాలీ. పుట్టగొడుగుల్లాంటి వేలాది రాతి దిబ్బలు. వాటి మధ్య దారులంటూ లేవు, ఎటైనా తిరగొచ్చు. ఇక్కడ పిల్లల్ని 'అటెళ్లకు, ఇటెళ్లకు' అనాల్సిన పనే తక్కువ. రాళ్లను తొయ్యకూడదు, అంతే. 2013లో ఇద్దరు పెద్దమనుషులు సరదాకి ఓ రాతిని తోసేసి వీడియో తీసుకుని కోర్టు దాకా వెళ్లాల్సొచ్చింది. ఆర్చెస్‌ పార్కులో శాండ్‌ డ్యూన్‌ ఆర్చ్‌ దగ్గర రెండు గోడల మధ్య చల్లటి ఇసుక మేట ఉంటుంది. పేరుమోసిన డెలికేట్‌ ఆర్చ్‌కి నీడలేని దారిలో దాదాపు 5 కిలోమీటర్లు పిల్లల్ని ఈడ్చేకన్నా ఈ ఇసుకలో గంట ఆడుకోనివ్వడం మంచిది. అక్కడి నేల మీద నల్లగా, గరుగ్గా పొక్కులు లేచినట్టు కనిపించే చోట మాత్రం అడుగేయొద్దని పిల్లలకి చెప్పాలి. అది ప్రాణమున్న మట్టి. సూక్ష్మజీవులు, నాచు కలిసి కట్టిన పొర. ఒక్క అడుగు పడితే మళ్లీ కోలుకోవడానికి దశాబ్దాలు పడుతుంది.

మరి హార్స్‌షూ బెండ్‌? నది గుర్రపు లాడంలా తిరిగే ఆ మలుపు ఫొటో లేకుండా ఏ ఆల్బమూ ఉండదు కానీ, చెయ్యి విదిలించుకుని పరిగెత్తే వయసు పిల్లలుంటే దాన్ని వదిలేయడమే తెలివైన పని. 300 మీటర్ల లోతు. రెయిలింగ్‌ ఉన్నది చూసే చోట కొద్దిమేరకే. గ్రాండ్‌ క్యానియన్‌ అంచూ అంతే, చాలా దూరం రెయిలింగ్‌ ఉండదు. ఒక పిల్లకి ఒక పెద్ద. ఆ పెద్ద చేతిలో ఫోన్‌ ఉండకూడదు. ఫొటో తీసేవాళ్లు వేరే ఉండాలి, వెనక్కి అడుగులేస్తూ తీయకూడదు. ఈ ఏర్పాటు కారు దిగకముందే చేసుకోవాలి. అందరూ 'పాప వాళ్ల దగ్గరుందిలే' అనుకునే క్షణమే భయపెట్టేది.

గడియారాలతో కూడా జాగ్రత్త. వేసవిలో యూటా టైముకీ అరిజోనా టైముకీ గంట తేడా. అరిజోనా గడియారం మార్చదు, దాని లోపలే ఉన్న నవాహో నేల మారుస్తుంది. యాంటలోప్‌ టూర్లు మాత్రం అరిజోనా టైమునే పాటిస్తాయి. ఫోన్‌ ఏ టవర్‌ని పట్టుకుంటే ఆ టైము చూపిస్తుంది కాబట్టి, గైడ్‌తో టూర్‌ ఉన్న రోజు చేతి గడియారమే నయం. చాలా దారుల్లో అసలు సిగ్నలే ఉండదు. మ్యాపు ముందే ఫోన్‌లోకి దింపుకోవాలి. ఖర్చులో ఓ కొత్త లెక్క వచ్చింది. 2026 జనవరి నుంచి గ్రాండ్‌ క్యానియన్‌, జయాన్‌, బ్రైస్‌ సహా 11 పార్కుల్లో అమెరికా నివాసులు కాని, 16 ఏళ్లు దాటినవాళ్లకి మామూలు రుసుముతోపాటు తలకి 100 డాలర్లు అదనం. లేదంటే 250 డాలర్ల వార్షిక పాస్‌. విజిటర్‌ వీసా మీద వెళ్లిన అమ్మమ్మా తాతయ్యలకి ఇది వర్తిస్తుంది, కాబట్టి ఎన్ని పార్కులు చూస్తారో ముందే అనుకుని పార్కుల వెబ్‌సైట్‌లో లెక్క చూసుకుంటే గేటు దగ్గర గతుక్కుమనక్కర్లేదు.

పిల్లలకి మాత్రం ఆ పార్కుల్లో ఖర్చులేని బహుమతి ఒకటుంది. జూనియర్‌ రేంజర్‌ బ్యాడ్జీ! విజిటర్‌ సెంటర్‌లో అడిగితే చిన్న పుస్తకం ఇస్తారు. బొమ్మలు గీయాలి, చూసిన పక్షి పేరు రాయాలి, రాయి రంగు చెప్పాలి. రాయడం రానివాళ్లకి తేలిక పనులుంటాయి. నింపి తెస్తే యూనిఫాంలో ఉన్న రేంజర్‌ దాన్ని ఒక్కో పేజీ తిప్పి శ్రద్ధగా చూసి, ప్రశ్నలడిగి, చెయ్యెత్తించి ప్రమాణం చేయిస్తారు. కొందరు బుజ్జిగాళ్లు రెండు చేతులూ ఎత్తేస్తారు. ఒక్కో పార్కుకీ ఒక్కో బ్యాడ్జీ. పుస్తకం నింపడానికి గంటా గంటన్నర పడుతుంది, సాయంత్రం అయ్యేసరికి సెంటర్‌ మూసేస్తారు. పార్కులోకి అడుగుపెట్టగానే మొదట దాన్ని తీసుకుని, పెన్సిళ్లు బయటికి తీయడమే.